చీటీ కింద వేలు

అక్కడ ఎనిమిదిన్నర. ఇక్కడ ఆరు.
బ్రాడీపేట నాలుగో లైనులో పాలప్యాకెట్ల కుర్రాడు
గేటుకి సంచి తగిలించే లోపే
తెర మీద లియాంగ్ మేడమ్ హాజరు పిలుస్తుంది.
నా పేరు రత్నమాణిక్యం.
ఆవిడ నోట్లో అది మూడు ముక్కలవుతుంది,
చివరి ముక్క ఎప్పుడూ బయటికి రాదు.

రెండేళ్ల ఫైనాన్స్ పీజీ. పాఠం, పరీక్ష, తిట్టు
అన్నీ చైనా భాషలోనే.
"ఇంగ్లీషులో దొరకలేదా?" అంది పక్కవాటా సుశీల.
దొరుకుద్ది. అది చదివి బ్యాంకు కోచింగులకి తిరిగేవాళ్లు
అరండల్‌పేటలో వీధికి పదిమంది.
నేను మిర్చియార్డులో గుమస్తాని.
మా తేజ కాయ ఓడెక్కి ఎటు పోతుందో
ఆ భాషలో పద్దు రాయాలనిపించింది. అంతే.

మొదటి వారం 'ఫైనాన్స్' అన్న మాట దిద్దించారు.
విప్పి చూస్తే బంగారం, పక్కన కుండ,
కుండని ఆనుకుని ఓ పురుగు.
నవ్వొచ్చింది.
పురుగు లేని పద్దు నేనెక్కడ చూశాను?

అప్పు, సరుకు, ఖర్చు,
డబ్బు మాట ఏది రాసినా అడుగున ఒక గవ్వ.
నాయన జేబు తిరగేసి
"చిల్లిగవ్వ లేదే" అన్నప్పుడల్లా
ఈ అక్షరాలే రాలి ఉంటాయి,
నాకప్పుడు చదవడం రాదు.

లాభం అంటే వరివెన్ను, పక్కన కత్తి.
కొలిచేటప్పుడు ఒకటి అనకుండా
"లాభం, రెండు, మూడు" అంటారు మావాళ్లు.
ఆ మొదటి మానిక దగ్గర
కత్తి ఎవరి చేతిలో ఉందో
లెక్కపెట్టేవాడు చెప్పడు.

అన్నిటికన్నా కష్టం 'మై'.
గొంతు దిగి లేస్తే కొనడం.
దభాలున పడితే అమ్మడం.
రాతలోనూ ఇంచుమించు ఒకటే బొమ్మ,
అమ్మే మాటకి నెత్తిన చిన్న బరువు.
పడడం నాకు తొందరగానే వచ్చింది.
లేవడానికి నెల పట్టింది.

మార్చిలో ఒకరోజు
యార్డంతా ఘాటు, దగ్గులు,
ముచ్చికలు తీసే ఆడవాళ్ల ముక్కులకి కొంగులు.
కొనుబడికి ఇద్దరొచ్చారు, దుబాసీ కుర్రాడితో.
యడ్లపాడు బాలకోటయ్యవి నలభై బస్తాలు.
కాయ విరిచి, వాసన చూసి
"పద్నాలుగు వేలు" అనిపించారు కుర్రాడితో.
తమలో తాము మాత్రం,
టీలో చక్కెర తగ్గిందన్నట్టుగా,
పదహారున్నర దాకా పోవచ్చు, అక్కడ సరుకు లేదు అనుకున్నారు.
కుర్రాడు విని ఊరుకున్నాడు.
చీటీ పుస్తకంలో తల పెట్టుకుని
నేనూ విన్నాను.

ముందురోజు పాఠం అదే:
ఒకడికి తెలిసి ఒకడికి తెలియకపోవడం.
దానికి అయిదక్షరాల పేరు.
తెలుగులో ఏమంటారో రాత్రంతా వెతికాను.
ఇదిగో, భుజాన తుండుగుడ్డతో
నా ఎదురుగా నిలబడి అడుగుతోంది:
"ఏమంటన్నారమ్మా?"

షావుకారుకి వాళ్లు పాత ఖాతా.
నా జీతం షావుకారుది.

నాయన ఈ యార్డులోనే దలాలీ చేశాడు,
గుడ్డ కింద చేతులు కలిపి బేరాలాడే రోజుల్లో.
వానాకాలం పనిలేనప్పుడు నాతో ఆడేవాడు:
అరచెయ్యి నొక్కితే పది, ఆపైన వేలికో వెయ్యి.
మన భాషలో వేలన్నా వేలే, వేలన్నా వేలే,
ఏది ఏదో గుడ్డ కిందే తెలియాలి.

"కాటా చీటీ, బాబాయ్" అని అందించాను.
చీటీ కింద అరచెయ్యి ఒక్క నొక్కు.
అయిదు వేళ్లూ. మళ్లీ చిటికెన వేలు.
ఆయన నా మొహం చూడలేదు.
చీటీ మడిచి జేబులో పెట్టుకుని
"ఇయ్యాల అమ్మనండి. కోల్డ్‌లో పెట్టుకుంటా" అన్నాడు.
షావుకారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
ఇద్దరిలో పొట్టివాడు అప్పుడన్నాడు, "మై."
దిగింది. లేచింది.
ఇన్ని నెలల్లో అంత స్పష్టంగా ఎప్పుడూ వినలేదు.
పదహారు దగ్గర తెగింది.

జూన్ పరీక్షలో అయిదక్షరాల ప్రశ్నే.
ఉదాహరణ రాయమన్నారు. ఇదంతా రాశాను,
పేర్లు మార్చి, తప్పులతడకగా.
మేడమ్ పదికి ఆరు వేసి
పక్కన ఎర్రగా అడిగింది: మూలం ఏది?

ఏమని రాయను.
గోళ్ల సందున ఇంకా మంటగానే ఉంది.
వచ్చిన మార్కుల్నే లెక్కపెట్టుకున్నాను
లాభం, రెండు, మూడు